ఆస్కార్ బార్నాక్: చిన్న కెమేరాను నిర్మించిన యంత్రశిల్పి

మహాపురుషులనగా రాజులు, సేనానులు, కవులు, పండితులు మాత్రమే మనకు జ్ఞప్తికి వత్తురు. కర్మాగారములో బల్లయొద్ద నిలుచుండి, ఆకురాయి చేతబట్టి, ఇత్తడిముక్కను అరగదీయుచు జీవితకాలమంతయు గడపిన పనివాని పేరు చరిత్రపుటలలో కానవచ్చుట మిక్కిలి యరుదు. అయినను అట్టి పనివాడొకడు నిర్మించిన చిన్న వస్తువు మూలమున మానవులు లోకమును చూచు విధమే మారిపోయినది. అతని పేరు ఆస్కార్ బార్నాక్. చొక్కాజేబులో ఇముడదగిన ఫిల్ము కెమేరాను లోకమునకు అలవాటు చేసినవాడతడే. పాత కెమేరాలను సేకరించి, బాగుచేసి, వానితో ఛాయాచిత్రములు తీయుట వినోదముగా గలవారు అనేక దేశములందు నేటికిని అతని పేరును ఆదరముతో తలంచుచున్నారు. అతని చరిత్రము మన విద్యార్థులకు తెలియుట మేలని యీ వ్యాసము వ్రాయబడినది.

బార్నాక్ 1879వ సంవత్సరము నవంబరు 1వ తేదీన జర్మనీదేశమున, బ్రాండెన్‌బర్గు ప్రాంతములోని లినో యను చిన్న గ్రామమున జన్మించెను. అతడు విశ్వవిద్యాలయములలో చదివినవాడు కాడు; పట్టపరీక్షలలో కృతార్థుడైనవాడును కాడు. బడిచదువు ముగిసిన పిమ్మట బెర్లిన్ నగరపు శివారులోని లిఖ్టర్‌ఫెల్డెలో, ఖగోళశాస్త్ర పరికరములు చేయు నొక పనిశాలలో శిష్యుడుగా చేరెను. నక్షత్రముల స్థానములను కొలుచు పరికరములలో వెండ్రుకవాసి తేడా వచ్చినను లెక్క తప్పును. కనుక అచ్చట పని నేర్చినవానికి చేతికి నిలుకడ, కంటికి సూక్ష్మత, మనస్సునకు ఓర్పు తప్పక అలవడవలెను. ఈ మూడును బాలుడగు బార్నాక్‌నకు అలవడెను. శిష్యత్వము ముగిసిన పనివారు ఊరూరు తిరిగి, పలువురు యజమానులయొద్ద పనిచేసి అనుభవము గడించుట ఆ కాలమున జర్మనీదేశపు ఆచారము. అతడును అటులే కొంతకాలము సంచరించి, 1902వ సంవత్సరమున యేనా పట్టణములోని కార్ల్ జైస్ కర్మాగారమున పనికి కుదిరెను. సూక్ష్మదర్శినులకును కటకములకును ఆ కర్మాగారము ప్రపంచమందంతట పేరెన్నిక గన్నది.

యేనాలో నున్న దినములలోనే బార్నాక్‌నకు ఛాయాచిత్రములు తీయుటయందు అభిలాష మెండయ్యెను. సెలవుదినములందు తురింగియా అడవులలోని కొండబాటల వెంట నడచుచు చిత్రములు తీయుట అతనికి పరమానందము. అయితే ఆ నాటి కెమేరా నేటి కెమేరా వంటిది కాదు. అది కొయ్యతో చేసిన పెద్ద పెట్టె. అందు వాడునవి 13 సెంటీమీటరుల వెడల్పు, 18 సెంటీమీటరుల పొడవు గల గాజుపలకలు. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క పలక కావలెను. పలకలు, వానినుంచు చట్రములు, ముక్కాలిస్టాండు, నల్లగుడ్డ, వీనినన్నిటిని తోలుసంచిలో పెట్టుకొని కొండలెక్కుట బలశాలులకే కష్టము. బార్నాక్ బలశాలి కాడు. అతనికి ఉబ్బసవ్యాధి కలదు. నాలుగడుగులు ఎక్కునప్పటికి ఊపిరాడక నిలువవలసి వచ్చెడిది. ప్రకృతిని చూడవలెనను ఆశ ఒక ప్రక్క, మోయలేని బరువు ఒక ప్రక్క అతనిని లాగుచుండెను.

ఇట్టి స్థితిలో చాలమంది ఆ వినోదమునే మానుకొందురు. కొందరు బరువు మోయుటకు కూలివానిని కుదుర్చుకొందురు. బార్నాక్ రెంటిని చేయలేదు. పెట్టె పెద్దదిగా నుండుటకు కారణమేమి యని విచారింప మొదలిడెను. చిత్రము ఎంత పెద్దదిగా కావలెనో పలకయు అంత పెద్దదిగా నుండవలెనని అందరును అనుకొనుచుండిరి. చిన్న ప్రతిబింబమును పట్టి, తరువాత దానినే పెద్దదిగా చేసికొన్నయెడల కెమేరా చిన్నదై పోవునుగదా యని అతనికి తోచెను. 1905వ సంవత్సర ప్రాంతమున ఒకే పలకపైన అనేకములగు చిన్నచిత్రములు పడునట్లు అమర్చి పరీక్షించి చూచెను. కాని ఆ పలకలమీది మందు కణములు ముతకవి. చిన్నచిత్రమును పెంచి చూచిన ఇసుక చల్లినట్లు కనబడెనే గాని స్పష్టమైన రూపము కనబడలేదు. ప్రయత్నము విఫలమయ్యెను. అతడు ఆ తలంపును విడువక మనస్సులో దాచియుంచెను.

యేనాలో అతనికి ఎమిల్ మెహౌ యను సహోద్యోగి స్నేహితుడయ్యెను. మెహౌ వెట్జ్‌లార్ పట్టణములోని ఎర్నెస్ట్ లైట్జ్ కర్మాగారమునకు పోయి, అచ్చట చలనచిత్రములను తెరపై చూపు యంత్రమునుగూర్చి కృషి చేయుచుండెను. అతడు తన స్నేహితుని పనితనమును యజమానికి తెలిపెను. 1911వ సంవత్సరము జనవరి 2వ తేదీన బార్నాక్ అచ్చట పనిలో ప్రవేశించి, ప్రయోగశాఖకు పెద్దగా నియమింపబడెను. లైట్జ్ కర్మాగారము ప్రధానముగా సూక్ష్మదర్శినులను చేయు సంస్థ. కెమేరాలు దాని వ్యాపారము కాదు. అయినను క్రొత్త పరికరములను గూర్చి ఆలోచించుటయే బార్నాక్ ఉద్యోగమగుటచే అతనికి కొంత స్వేచ్ఛ లభించెను.

వెట్జ్‌లార్‌లో అతడు చలనచిత్రములు తీయు కెమేరా నొకదానిని లోహముతో స్వయముగా నిర్మించెను. ఆ పని మూలమున 35 మిల్లిమీటరుల వెడల్పు గల సినిమాఫిల్ము అతని చేతికి వచ్చెను. ఈ ఫిల్ము సన్నని కణములు గలది, తేలికయైనది, చుట్టగా చుట్టదగినది. యేనాలో తాను మనస్సున దాచుకొనిన తలంపు అప్పుడు మరల మేల్కొనెను. గాజుపలకకు బదులు ఈ ఫిల్మునే వాడిన నేమి?

సినిమాయంత్రములో ఫిల్ము పైనుండి క్రిందికి జరుగును. అందలి ఒక్కొక్క బొమ్మ వెడల్పు 24 మిల్లిమీటరులు, ఎత్తు 18 మిల్లిమీటరులు. ఇది చాల చిన్నదని బార్నాక్ గ్రహించి, ఫిల్మును అడ్డముగా నడపెను. రెండు సినిమాబొమ్మల చోటును కలిపి ఒకే బొమ్మగా చేసెను. అందుచే బొమ్మ పొడవు 36, ఎత్తు 24 మిల్లిమీటరులయ్యెను. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు దీనిని గుణించి చూడవచ్చును. క్రొత్త బొమ్మ వైశాల్యము 864 చదరపు మిల్లిమీటరులు. పాత గాజుపలక వైశాల్యము 23,400 చదరపు మిల్లిమీటరులు. అనగా అతడు చిత్రమును సుమారు 27వ వంతునకు తగ్గించెను. అట్లు తగ్గించియు చూడదగిన చిత్రమును సాధింపవలెనన్న, కటకము మిక్కిలి నిశితమైనదిగాను, పెట్టెలోని ప్రతి భాగము మిక్కిలి ఖచ్చితమైనదిగాను ఉండవలెను. ఖగోళపరికరముల పనిశాలలో నేర్చిన విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను.

1913, 1914 సంవత్సరములలో ఈ కెమేరా రూపము దాల్చెను. దానికి లోహపు శరీరము. అంచులు గుండ్రన, అరచేతిలో ఇముడును. లోపల కటకమునకును ఫిల్మునకును నడుమ గుడ్డతో చేసిన తెర కలదు. ఆ తెరలోని సందు ఫిల్ముమీదుగా చరచర ప్రక్కకు జరిగిపోవును. ఆ క్షణకాలములో వెలుతురు ఫిల్మును తాకును. మీది మీటను త్రిప్పినచో ఫిల్ము ఒక బొమ్మమేర ముందునకు జరుగును. అదే త్రిప్పుతో తెరయు మరల సిద్ధమగును. ఒకే ఫిల్ముభాగముపై రెండు చిత్రములు పడుట యను పొరపాటు దీనిచే తొలగిపోయెను. ఇంతటి మేలును ఒక్క మీటలో ఇమిడ్చుటయే నిజమైన యంత్రశిల్పము. సినిమాఫిల్ముతో నిశ్చలచిత్రములు తీయు కెమేరాలు ఆ కాలముననే అమెరికాలో ఒకటి రెండు వెలువడినవి. కనుక ఆ ఆలోచన మొట్టమొదట అతనికే తోచెనని చెప్పుట న్యాయము కాదు. కాని చేతికి అమరునట్లును, సులభముగా వాడదగినట్లును, నిశితమైన చిత్రము నిచ్చునట్లును దానిని కూర్చిన ఘనత అతనిదే.

1914వ సంవత్సరమున యజమాని కుమారుడగు రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ అమెరికాకు పోవుచు అట్టి కెమేరా నొకదానిని వెంటగొనిపోయి, న్యూయార్కు నగరపు వీధులలో చిత్రములు తీసెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. వెట్జ్‌లార్‌లో సైనికులను పిలుచు ప్రకటనను గోడకు అంటించిన దినమున బార్నాక్ ఆ దృశ్యమును తన చిన్న కెమేరాతో తీసియుంచెను. యుద్ధకాలమున క్రొత్త కెమేరాను అమ్ముటను గూర్చి తలంచుటకే వీలులేకపోయెను. సంవత్సరములు గడచెను. 1920వ సంవత్సరమున లాన్ నది పొంగి వెట్జ్‌లార్ వీధులను ముంచెను. బార్నాక్ నీటిలో మునిగిన వీధులను, పడవలలో తిరుగు జనులను వరుసగా చిత్రించెను. పెద్ద పెట్టెను ముక్కాలిస్టాండుపై నిలిపి తీయువానికి అట్టి చిత్రములు సాధ్యము కావు. జరుగుచున్న సంఘటనను జరుగుచుండగనే వెంబడించి చూపు పద్ధతికి అవి తొలి యుదాహరణములలోనివి.

యుద్ధానంతరము జర్మనీదేశమునకు దుర్దశ పట్టెను. 1923వ సంవత్సరమున అచ్చటి నాణెము విలువ ఎంతగా పడిపోయెననగా, ఉదయమున జీతము పుచ్చుకొన్నవాడు సాయంకాలమునకు దానితో రొట్టె కొనలేకపోయెను. కర్మాగారములకు పని కరవయ్యెను. ఆ సంవత్సరముననే లైట్జ్ సంస్థవారు పరీక్షార్థము ఇరువది, ఇరువదియైదు మాత్రము చిన్న కెమేరాలను చేయించి, తెలిసినవారి కిచ్చి అభిప్రాయము లడిగిరి. కొందరు మెచ్చిరి, కొందరు ఇది పిల్లల ఆటవస్తువని చులకన చేసిరి. 1924వ సంవత్సరము జూను నెలలో సంస్థలోని ముఖ్యులందరు కూడి చర్చించిరి. పెక్కుమంది వలదనిరి. సూక్ష్మదర్శినులు చేయు సంస్థ ఎన్నడు నెరుగని వ్యాపారమున ధనము పోసి నష్టపడిన నెట్లని వారి భయము. ఆ భయము నిర్హేతుకము కాదు. అప్పటికి సంస్థయధిపతియైన రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ అందరి మాటలను ఓపికగా విని, తుదకు కెమేరాను చేయవలసినదేయని నిర్ణయించెను. తన పనివారికి పని లేక పస్తులుండు గతి రాకూడదనునది అతని ముఖ్యోద్దేశములలో నొకటి. ఆ నిర్ణయము తప్పిపోయినచో సంస్థకును, దానినమ్మిన కుటుంబములకును కీడు మూడియుండెడిది.

1925వ సంవత్సరపు వసంతకాలమున లైప్‌జిగ్ సంతలో ఆ కెమేరా ప్రజలకు చూపబడెను. లైట్జ్ పేరులోని తొలిభాగమును, కెమేరా యను మాటలోని తొలిభాగమును చేర్చి దానికి లైకా యని పేరిడిరి. దానికి తగిన కటకమును గణితమున దిట్టయైన మాక్స్ బెరెక్ రూపొందించెను. బార్నాక్ శరీరము నిచ్చిన, బెరెక్ కన్ను నిచ్చెనని చెప్పవచ్చును. ఈ ఇరువురలో ఎవరు లేకున్నను లైకా లేదు. 1930వ సంవత్సరమున కటకమును విప్పి వేరొకటి బిగించుకొను ఏర్పాటును, 1932వ సంవత్సరమున దూరమును కొలిచి కటకమును సరిచేయు పరికరమును, 1933వ సంవత్సరమున ఒక సెకండు వరకు గల నిదానపు వేగములను దానికి చేర్చిరి. కటకము బిగించు మర 39 మిల్లిమీటరుల వ్యాసము గలది. ఆ కొలత ఎంతగా వ్యాపించెననగా, ఇతర దేశములవారును అదే కొలతతో కటకములు చేసిరి. రష్యాలో విప్లవము, యుద్ధముల వలన ఇల్లువాకిళ్లు లేని బాలబాలికలకు ఖార్కోవ్ పట్టణమున ఒక శ్రామికాశ్రమముండెను. ఆ ఆశ్రమమున 1934వ సంవత్సరమున లైకాను పోలిన ఫెడ్ యను కెమేరాలు తయారు కాసాగెను. దిక్కులేని పిల్లలు తమ చేతులతో అంతటి సున్నితమైన యంత్రమును చేయగలిగిరనుట విద్యార్థులు గమనింపదగిన సంగతి.

చిన్న కెమేరా వచ్చిన పిమ్మట ఛాయాగ్రాహకుడు జనులను వరుసగా నిలిపి, కదలవద్దని హెచ్చరించు పని తప్పెను. అతడే జనులలో కలసి నడువసాగెను. ఫ్రాన్సుదేశీయుడగు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ లైకాతోనే లోకమంతయు తిరిగి కీర్తి గడించెను. 1948వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఢిల్లీలో మహాత్మాగాంధీగారిని దర్శించి చిత్రములు తీసినవారిలో నతడొకడు. ఆ సాయంకాలమే మహాత్ముడు హత్యచేయబడెను. ఆ రాత్రియు మరునాటి అంత్యయాత్రయందును భారతప్రజల దుఃఖమును ఆ చిన్న కెమేరా పట్టి లోకమునకు చూపెను. ఊపిరాడని ఒక జర్మను పనివాడు కొండబాటలో అనుకొనిన తలంపు మన జాతిచరిత్రలోని మిక్కిలి దుఃఖకరమైన దినమునకు సాక్షియగుట ఎంతటి ఆశ్చర్యము!

బార్నాక్ మాత్రము ఆ దినమును చూడలేదు. 1936వ సంవత్సరము జనవరి 16వ తేదీన బాడ్ నౌహైమ్ పట్టణమున తన 56వ యేట అతడు మరణించెను. జీవితాంతము వరకు అతడు వెట్జ్‌లార్ కర్మాగారమున పనిచేయుచునే యుండెను. 1923వ సంవత్సరపు పరీక్షాకెమేరాలలో 105వ సంఖ్య గలది అతని స్వంతమైనది. దానిమీద అతని పేరు చెక్కబడియున్నది. 2022వ సంవత్సరమున వెట్జ్‌లార్‌లో జరిగిన వేలములో ఆ కెమేరాకు 1 కోటి 44 లక్షల యూరోలు పలికెను. అతడు నిర్ణయించిన 24, 36 మిల్లిమీటరుల కొలతయే ఫిల్ము లేని నేటి కెమేరాలలో కూడ పూర్తికొలతగా ఎన్నబడుచున్నది.

ఇక పాత కెమేరాలను బాగుచేయు వినోదమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదు. ఆ కాలపు కెమేరాలలో విద్యుత్తు లేదు. చక్రములు, స్ప్రింగులు, మరలు, గుడ్డతెరలు మాత్రమే కలవు. కనుక నూరేండ్ల నాటి కెమేరాయైనను ఓపికగలవాని చేతిలో మరల ప్రాణము పోసికొనును. సాధారణముగా వచ్చు చెరుపులు మూడు. మొదటిది, లోపల పూసిన నూనె ఎండి జిగురుగా మారి, తెర నిదానముగా కదలుట. రెండవది, రబ్బరు పూసిన గుడ్డతెర పెళుసై చిన్నరంధ్రములు పడుట. అప్పుడు చిత్రములలో తెల్లని చుక్కలు కనబడును. కటకమునకు మూత వేయక ఎండకు ఎదురుగా ఉంచినను భూతద్దముచే కాగితము కాలినట్లే తెర కాలిపోవును. మూడవది, కటకములలో మసకయు బూజును పట్టుట. మన తీరప్రాంతములందు గాలిలో తేమ అధికమగుటచే ఈ బూజు మెండు. కెమేరాను తోలుసంచిలో మూసి యేండ్లతరబడి పెట్టెలో ఉంచుటకంటె, తేమ తగులని చోట ఉంచి అప్పుడప్పుడు వాడుచుండుట మేలు.

తాతగారి పెట్టెలో పాత కెమేరా దొరకిన బాలుడు వెంటనే దానిని విప్పుటకు తొందరపడరాదు. ముందుగా ఫిల్ము లేకుండ మీటను మెల్లగా త్రిప్పి, తెర కదలునో లేదో చూడవలెను. బిగిసియున్న దానిని బలవంతముగా త్రిప్పినచో పండ్లచక్రము విరుగును. వెనుకమూత తీయుటకు వీలున్న కెమేరాలలో దానిని వెలుతురునకు ఎదురుగా పట్టి, తెరలో రంధ్రములున్నవేమో పరీక్షింపవలెను. మరలను విప్పవలసివచ్చినచో తలకు సరిపోవు మరత్రిప్పుడునే వాడవలెను. విప్పిన ప్రతి ముక్కను విప్పిన వరుసలోనే తెల్లగుడ్డపై పేర్చి, దాని స్థానమును కాగితముపై గీసికొనవలెను. పనికిరాని చవుకకెమేరాపై చేయి తిరిగిన తరువాతనే విలువగల దానిని ముట్టవలెను. చేతగాని చోట పెద్దల సహాయము కోరుట అవమానము కాదు. 35 మిల్లిమీటరుల ఫిల్ము నేటికిని తయారగుచున్నది గనుక, బాగుపడిన కెమేరా అలంకారమునకు మాత్రమే గాక పనికిని వచ్చును. చుట్టకు 36 చిత్రములే లభించును. కనుక మీట నొక్కుటకు ముందు వెలుతురెట్లున్నది, ఎచ్చట నిలువవలెను, ఇది తీయదగినదేనా యని ఆలోచించు నలవాటు కలుగును.

బార్నాక్ జీవితమునుండి మనము గ్రహింపదగినవి అనేకములు. శరీరదౌర్బల్యమును అతడు నిందించుచు కూర్చుండలేదు. ఆ దౌర్బల్యమే అతనికి ప్రశ్న నిచ్చెను, ఆ ప్రశ్నయే అతనిని క్రొత్తదారికి నడపెను. మొదటి ప్రయత్నము విఫలమైనప్పుడు తలంపును పారవేయలేదు. తగిన సామగ్రి దొరకువరకు వేచియుండెను. తన చేతిలో రూపొందిన వస్తువు అంగడికి చేరుటకు పదునొకండు సంవత్సరములు పట్టినను విసుగు చెందలేదు. స్నేహితుడు పరిచయము చేసెను, గణితవేత్త కటకము నిచ్చెను, యజమాని ధైర్యము చూపెను. ఒక్కని బుద్ధికి పలువురి చేతులు తోడైనప్పుడే గొప్పకార్యములు నెరవేరును.

బాలబాలికలారా! చేతిపని తక్కువ పనియని యెన్నడును తలంపకుడు. పుస్తకము చదువు కన్నులతోడనే చిన్నమరను, పండ్లచక్రమును చూచి, అది అట్లేల చేయబడెనని ప్రశ్నింపుడు. ఎవరో పారవేసిన పాతయంత్రమును చేతబట్టి, దానిని చేసినవాని ఆలోచనను అడుగడుగునకు వెదకికొనుచు బాగుచేయువానికి, ఆ పనివాడే గురువగును. అట్టి గురువునకు మరణము లేదు.